ఒడ్డు చేరాక మెయిన్ ఆపాలి

2023 వానాకాలం. పోర్ట్ బ్లెయిర్‌లో డాలీగంజ్ రోడ్డు మీద కోళ్ళ కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న ఒక్క గది మా షాపు. కంప్యూటర్లు, ప్రింటర్లు, ఇన్వర్టర్లు, టీవీలు, ప్లగ్గు ఉన్నదేదైనా బాగుచేస్తాం అని బోర్డు మీద రాయించాను. "చేస్తాం" అన్నది మర్యాద కోసం, చేసేది నేనొక్కదాన్నే. నేను ఈ దీవుల్లోనే పుట్టాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి పడవల పని మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను వైజాగ్‌లో ఎలక్ట్రానిక్స్ డిగ్రీ చదువుకుని తిరిగొచ్చి షాపు పెట్టి చాలా ఏళ్ళయింది. అయినా ఇప్పటికీ షాపులోకి తొంగి చూసి "భయ్యా నహీ హై క్యా?" అని అడిగేవాళ్ళున్నారు. "భయ్యా పుట్టనే లేదు, నాతోనే సర్దుకోండి" అంటాను. కొందరు నవ్వుతారు. కొందరు వెళ్ళిపోతారు. వెళ్ళిపోయినవాళ్ళు కూడా చాలామంది అదే ప్రింటరు చంకలో పెట్టుకుని మళ్ళీ వస్తారు.

ఆ రోజుల్లో నా దగ్గర బాగా నడుస్తున్న పని ఇళ్ళకి మీడియా ప్లేయర్లు కట్టివ్వడం. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. సింగిల్ బోర్డ్ కంప్యూటర్ అని ఒకటుంటుంది. ఏటీఎం కార్డంత పలక. ప్రాసెసరు, మెమరీ, టీవీకి తగిలించే హెచ్‌డీఎంఐ సాకెట్టు అన్నీ ఆ పలక మీదే ఉంటాయి. హార్డ్ డిస్క్ ఉండదు. దాని బదులు గోరంత మైక్రో ఎస్‌డీ కార్డు ఒకటి గుచ్చుతాం, సాఫ్ట్‌వేరంతా అందులోనే. టీవీ వెనకాల తగిలిస్తే సినిమాలు, పాటలు, ఫొటోలు ఏవి పెడితే అవి ఆడుతుంది. సముద్రం అడుగు నుంచి కేబుల్ వేశాక మాకు ఇంటర్నెట్ కాస్త దారిలో పడింది గానీ, అంతకు ముందు సినిమా అంటే షిప్పు దిగిన హార్డ్ డిస్కే. ఎవరో ఒకరు వైజాగ్ నుంచో చెన్నై నుంచో పట్టుకొచ్చేవారు, వీధి వీధంతా కాపీ చేసుకునేది. అలా పోగేసినవి ఇప్పటికీ ఎవరూ పారెయ్యలేదు. అవన్నీ ఒక డబ్బాలో సర్దిపెట్టమని వస్తుంటారు.

నూకాలు మాత్రం సినిమాల కోసం రాలేదు. జంగ్లీఘాట్‌లో చేపలమ్మే మనిషి. ఇల్లు లంబాలైన్‌లో, విమానం దిగితే కప్పు అదిరే చోట. పొద్దున్న బజారు ముగించుకుని, బుట్ట షాపు గుమ్మంలోనే దించి లోపలికొచ్చింది.

"దీదీ, నువ్వు టీవీ డబ్బాలు కడతావంట కదా. మాకొకటి కట్టు. కానీ బటన్లుండకూడదు."

"బటన్లు లేకుండా డబ్బా ఎలా నడుస్తుందమ్మా?"

"నాను స్విచ్చెయ్యాల, అది ఆడాల. బస్. ఏది కావాల, ఎక్కడ నొక్కాల అని మద్దెలో నన్నడక్కూడదు. రిమోటయితే అసలే వొద్దు."

"రిమోటేం పాపం చేసింది?"

"మా మావ దాన్ని వాకీటాకీ అనుకుంటాడు. నోటికాడెట్టుకుని బోట్లని పిలుత్తాడు. బోట్లు పలక్కపోతే ఇసిరికొడతాడు."

నాకు నవ్వొచ్చింది. ఆమెకి రాలేదు. నేనూ నవ్వాపి ఆమెకి స్టూలు జరిపాను.

మావ అంటే ఆమె భర్త తండ్రి, ఎర్రయ్య. బతుకంతా ఇంజను బోటు నడిపిన డ్రైవరు. రెండేళ్ళుగా మతిమరుపు. పగలు వరండాలో కూర్చుని వలదారం చిక్కులు తీసుకుంటాడు, గొడవేం లేదు. సాయంత్రం నాలుగయ్యేసరికి లేస్తాడు. "బోటుకి టైమైపోనాది" అంటూ గుమ్మం దాటుతాడు. ఒకసారి జంగ్లీఘాట్ జెట్టీ దగ్గర ఎవరిదో బోటెక్కి కూర్చున్నాడు. ఇంకోసారి వానలో, పాచిపట్టిన మెట్ల మీద, నీళ్ళకి జానెడు దూరంలో దొరికాడు. నూకాలు భర్త కామేసు ఇప్పుడు తండ్రి నడిపిన బోటు మీదే వేటకి పోతాడు, వెళితే కొన్ని రోజులు రాడు. సాయంత్రం బజారే నూకాలుకి అసలు బజారు. తను వెళ్తే మావ వెళ్ళిపోతాడు. తను ఉంటే చేపలు మిగిలిపోతాయి.

"మా బావగారు ఈసారి వైజాగ్ షిప్పుకి మావని ఎక్కించీసి, అక్కడేదో ముసిలోళ్ళ ఆశ్రమంలో ఎట్టీసి వత్తానంటన్నాడు" అంది. "అక్కడ మావకి సముద్రం కనపడదు, మడుసులు కనపడరు. నాలుగ్గోడల మద్దె సచ్చిపోతాడు దీదీ. సాయంత్రం నాను వచ్చీదాకా మావని ఇంట్లో కూకోబెట్టీది ఏదైనా ఉంటే కట్టు."

అదీ నాకొచ్చిన ఆర్డరు. షిప్పు బయల్దేరేలోగా ఒక మనిషిని కుర్చీలో కూర్చోబెట్టే డబ్బా కట్టాలి. నాకు ఏ కాలేజీలోనూ ఈ సిలబస్ లేదు.

డబ్బా కట్టడం కష్టం కాదు. కరెంటు తగలగానే బూట్ అయి, అంటే తనంతట తను లేచి, ఒకే ఒక్క ఫోల్డరులో ఉన్నది మొదటి నుంచి ఆడేలా పెట్టాను. టీవీని కూడా అదే లేపుతుంది. మెనూ తీసేశాను. ఫోల్డరులో ఏం పెట్టాలన్నదే తేలలేదు. వాళ్ళింటికి పట్టుకెళ్ళి పాత సినిమాలు పెడితే ఎర్రయ్య తెర వైపు చూడనైనా చూడలేదు. భజనలు పెడితే "ఎవుళ్ళు పోనారు?" అని అడిగాడు. నూకాలు తల పట్టుకుంది. సౌండు సరిగ్గా వస్తోందో లేదో చూద్దామని, కామేసు బోటు మీద నుంచి ఆమె ఫోనుకి పంపిన చిన్న వీడియో ఒకటి టీవీలో వేశాను. ఏముంది అందులో, ముందు నీళ్ళు, వెనకాల ఇంజను చప్పుడు. అంతే.

వరండాలో వలదారం కింద పడింది. ఎర్రయ్య లోపలికొచ్చి టీవీకి ఎదురుగా కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని కాసేపు విన్నాడు.

"గేరు అలా ఎయ్యకూడదని ఎన్నిసార్లు సెప్పినానురా" అన్నాడు, తెరలోని కొడుకుతో.

నూకాలూ నేనూ మొహాలు చూసుకున్నాం. ఆ రాత్రే కామేసుకి ఫోను చేసి, ఈసారి వేటకి పోయేటప్పుడు ఫోను కేబిన్లో కట్టి, జెట్టీ నుంచి బయల్దేరి తిరిగొచ్చేదాకా ముక్కలు ముక్కలుగా రికార్డు చెయ్యమన్నాం. "మైకు ఇంజను వైపుండాలి, నీ కబుర్ల వైపు కాదు" అని నేను ప్రత్యేకంగా చెప్పాను. వచ్చిన ముక్కల్ని అతికించి, నూకాలు బజారు ముగించుకుని వచ్చేంతసేపు సరిపోయేలా ఒక్క ప్రయాణంగా చేశాను. జంగ్లీఘాట్ నుంచి బయల్దేరడం, సముద్రం, వల, మళ్ళీ జంగ్లీఘాట్. నూకాలు నాలుగింటికి స్విచ్ వేసి, తలుపు దగ్గరగా వేసి, బుట్టెత్తుకుని వెళ్ళేది. తిరిగొచ్చేసరికి మావ ఇంట్లోనే. నాకు ఒక పెద్ద చందువా తెచ్చిచ్చింది. నేను వద్దనలేదు. పనికి తగ్గ చేప అది.

ఆ సంబరం వారం నిలబడలేదు. ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది.

"నీ డబ్బా సచ్చిపోనాది దీదీ. నల్ల తెర మీద తెల్ల ఇంగ్లీషు వత్తన్నాది."

వెళ్ళి చూస్తే కార్డు పాడైంది. ఫైల్ సిస్టమ్ ఎర్రర్ అంటాం. కార్డులో ఏది ఎక్కడుందో రాసుకునే లెక్క చెదిరిపోవడం. వంటింట్లో డబ్బాలు సర్దుతుంటే మధ్యలో ఎవరో దీపం ఆర్పేశారనుకోండి, కారం డబ్బాలో పంచదార పడుతుంది కదా, అలాంటిదే. ఈ బోర్డులకి ఉన్న పెద్ద జబ్బు అది. షట్‌డౌన్ చెయ్యకుండా కరెంటు లాగేస్తే, రాస్తూ రాస్తూ ఉన్న కార్డు పాడవుతుంది.

"కరెంటు పోతోందా?" అని అడిగాను.

"రోజూ పోతన్నాది. సాయంత్రం నానొచ్చేసరికి ఇల్లంతా సీకటి. మెయిన్ స్విచ్చి ట్రిప్పయిపోయుంటాది. ఎలక్ట్రీషన్ని పిలిసి కొత్త మెయిన్ కూడా ఏయించినాను. అదీ ట్రిప్పే. నాను ఆలీసంగా వచ్చిన రెండుసార్లూ ఫ్రిజ్జిలో ఐసు నీరైపోయి సేపలు పారబోసినాను."

"మరి చీకట్లో మీ మావ ఏం చేస్తున్నాడు?"

"ఏటి సేత్తాడు? కాళ్ళు కడుక్కుని, తుండు భుజం మీదేసుకుని, సాప మీద హాయిగా తొంగుంటన్నాడు."

ఆ మాట నేను విన్నాను గానీ పట్టించుకోలేదు. నా బుర్రంతా వైరింగు మీదుంది. ఉప్పుగాలికి ఇక్కడ జాయింట్లన్నీ పచ్చబారిపోతాయి, ట్రిప్పు కాకపోతే ఆశ్చర్యం. కొత్త కార్డు వేశాను. నాలుగు రోజులకి అదీ పోయింది. ఆ సాయంత్రం టీవీ లేవలేదు. నూకాలు అది చూసుకోకుండా బజారుకి వెళ్ళిపోయింది. ఎర్రయ్య జెట్టీకి వెళ్ళిపోయాడు. వాన. ఐసు బండి తోలే మనిషి చూసి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

మర్నాడు నేను వెళ్ళేసరికి ఎర్రయ్య పెద్దకొడుకు ఈశ్వర్రావు అక్కడే ఉన్నాడు. ఏదో ఆఫీసులో గుమాస్తా, డాలీగంజ్‌లోనే క్వార్టరు. ఇస్త్రీ మడత నలక్కుండా కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మేడంజీ, మీ ఖిలోనా మీరు తీసుకెళ్ళండి" అన్నాడు, నా డబ్బాని ఆటబొమ్మని చేసి. "షిప్పు టికెట్లు తీసేశాను. నాన్న బాధ్యత నాది."

"బాధ్యత మీదైతే సాయంత్రాలు మీరొచ్చి కూర్చోండి. నా డబ్బా అవసరమే ఉండదు."

"నాకు ఆఫీసుంది."

"ఆమెకి బజారుంది."

"బజారూ ఆఫీసూ ఒకటేనా?"

"కాదు. బజారులో సీట్లో లేకపోతే చేప కుళ్ళిపోతుంది. మీ ఆఫీసులో ఏం కుళ్ళినా వాసన రాదు."

నూకాలు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఈశ్వర్రావు నాతో మాట్లాడటం మానేసి మరదలితో మొదలెట్టాడు. నాన్న ఏదో ఒకరోజు నీళ్ళలో పడతాడనీ, అప్పుడు ఊరంతా పెద్దకొడుకునే అంటుందనీ. అందులో అబద్ధం లేదు. భయపడిన మనిషే అలా మాట్లాడతాడు. అది నాకు తెలియక కాదు, కానీ ఖిలోనా అన్నాడు చూడండి, అందుకని ఊరుకోలేదు. "షిప్పు వెళ్ళేలోగా ఈ డబ్బా సరిగ్గా నడవకపోతే నేనే మీ నాన్నగారి పెట్టె మోసుకొచ్చి జెట్టీలో దింపుతాను" అన్నాను. నూకాలు నా వైపు చూసిన చూపుకి, ఆ మాట కొంచెం తగ్గించి అని ఉండాల్సింది అనిపించింది. నోరు జారాక చేసేదేముంది, పని చెయ్యడమే.

మూడో కార్డు వేసి, మర్నాడు షాపు మూసి, నాలుగింటికి ఆ ఇంట్లోనే కూర్చున్నాను. ట్రిప్పు ఎందుకవుతోందో కళ్ళారా చూడాలి. మీటరు, టార్చి, టెస్టరు ఒళ్ళో పెట్టుకుని మూల స్టూలు మీద. నూకాలు స్విచ్ వేసి వెళ్ళింది. డబ్బా లేచింది, టీవీ వెలిగింది, జంగ్లీఘాట్ జెట్టీ మెల్లగా వెనక్కి జరిగింది.

ఎర్రయ్య నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎవుల కూతురివి?"

మా తాత పేరు చెప్పాను.

"ఆడి మనవరాలివా? ఆడికి వల ఎయ్యడం రాదు. నోరు మాత్రం పెద్దది." ఆ తర్వాత దయతలచి, "గట్టిగా కూకో, బయటికెల్లాక ఊగుతాది" అన్నాడు.

కూర్చున్నాను. బోటు సముద్రంలోకి వెళ్ళింది. వల పడింది, లేచింది. ఎర్రయ్య ఒక్కో మాటంటున్నాడు. ఇంజను చప్పుడు మారితే తల పక్కకి వంచుతున్నాడు. కరెంటు సుబ్బరంగా ఉంది. మీటరు కదల్లేదు. ఒక విమానం మా నెత్తి మీదుగా దిగింది, అప్పుడూ ఏమీ కాలేదు. చివరికి తెర మీద జెట్టీ కనబడింది. కామేసు ఇంజను తగ్గించాడు. బోటు పక్కకి తిరిగి జెట్టీకి ఆనుకుంది.

"వచ్చీసినాం" అన్నాడు ఎర్రయ్య. "తాడందుకో!"

లేచాడు. వణుకు లేదు, తడబాటు లేదు. తిన్నగా గుమ్మం దగ్గరికి వెళ్ళి, తలుపుకి కుడిపక్క చెయ్యి పైకెత్తి, చూడకుండానే మెయిన్ కిందకి లాగాడు. ఇల్లంతా చీకటి. నా ఒళ్ళోంచి టార్చి కింద పడింది.

చీకట్లోంచే ఆయన గొంతు వినబడింది. "దిగమ్మా. మెయినాపీసినాను, ఇంక భయం నేదు."

పెరట్లో నీళ్ళ చప్పుడు. కాళ్ళు కడుక్కుంటున్నాడు.

నూకాలు వచ్చేదాకా ఆగకుండా కామేసుకి ఫోను చేశాను. అదృష్టం కొద్దీ సిగ్నలు అందేంత దగ్గర్లో ఉన్నాడు. మీ బోటులో మెయిన్ ఎక్కడుంటుందని అడిగాను.

"బ్యాటరీ మెయినా? కేబిన్ తలుపుకి కుడిపక్కే దీదీ. ఎందుకు?"

"ఒడ్డుకొచ్చాక దాన్ని ఎవరు ఆపుతారు?"

"డ్రైవరే ఆపాల. నాన్న ఆపందే ఎవుడూ దిగకూడదు. మా సిన్నప్పుడు ఎవుళ్ళదో బోటు ఆపకుండా వదిలీసినారు. వైరు కాలి జెట్టీలోనే బోటు తగలబడిపోనాది. అప్పట్నుంచీ నాన్నకి అది మంత్రం లాగ. ఒడ్డు సేరాక మెయినాపాల, ఆపాకే అడుగెయ్యాల."

ఇదీ ట్రిప్పు. ఎలక్ట్రీషియను మార్చిన మెయిన్ నిక్షేపంగా ఉంది. నేను మార్చిన కార్డులూ నిక్షేపంగానే ఉండేవి, బోటు ఒడ్డు చేరకుండా ఉంటే.

అందుకని మొదట నేను చేసిన పని ఒడ్డుని తీసెయ్యడం. చదివేవాళ్ళు నన్ను తిట్టుకోకండి, కాగితం మీద ఇది చక్కటి ఉపాయమే. జెట్టీ కనబడితేనే కదా మెయిన్ ఆపేది? చివరి ముక్క కత్తిరించి, సముద్రం మధ్యలో వీడియోని మళ్ళీ మొదటి అలకి కలిపేశాను. లూప్ అంటాం, చక్రంలా తిరుగుతూనే ఉంటుంది. అతుకు తెలియకుండా అతికించానని కొంచెం గర్వపడ్డాను కూడా. పనిలో పనిగా కార్డుని రీడ్-ఓన్లీ చేశాను. అంటే చదవడం తప్ప రాయడం కుదరకుండా తాళం. ఇక ఎవరు ఎప్పుడు కరెంటు లాగినా కార్డు పాడవదు. సాయంత్రం నాలుగయ్యేలోగా దాన్ని మళ్ళీ వాళ్ళ టీవీ వెనక తగిలించి వచ్చాను.

మర్నాడు తెల్లారి షాపు షట్టరు ఇంకా సగమే ఎత్తాను, నూకాలు కింద నుంచి దూరి లోపలికొచ్చింది. బుట్ట లేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏటి దీదీ, మా మావని సముద్రంలో వదిలీసినావా?"

"ఏమైంది?"

"నానొచ్చేసరికి కిటికీ ఊసలు పట్టుకుని నిలబడున్నాడు. ఒళ్ళంతా సెమట. 'ఒడ్డు కనపడ్డం నేదు, డీజిలైపోతాది, మడుసులున్నారు బోటులో' అంటన్నాడు. టీవీ ఆపీసినాను. ఐనా సరే ఊసలొదల్నేదు. కూడు తిన్నేదు. తెల్లవార్లూ కునుకు తియ్యనేదు, నన్ను తియ్యనివ్వనేదు."

"నూకాలూ, టెక్నికల్‌గా చూస్తే..."

"నీ టెక్నికల్ నువ్వే ఎట్టుకో! దార్లో వదిలీసిన మడిసికి ఏ టెక్నికల్ ఉంటాది?"

నేను వాదించడంలో దిట్టనని పేరు. ఆ రోజు తప్పు నాదేనన్నాను. కూర్చోబెట్టి టీ తెప్పించాను.

"మెయినుకి తాళమేసీమంటన్నాడు మా బావగారు" అంది టీ గ్లాసు అందుకుని.

"వేస్తే?"

ఆమె ఆలోచించింది. "ఒడ్డు సేరినాక మెయిన్ ఆపనివ్వకపోతే... రాత్రి లాగే ఔతాది."

"అవుతుంది. ఆయన ఆపాల్సిందే. నీ ఇంటి మెయిన్ కాకుండా ఇంకోటి ఆపాలి."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాకే నాకు దారి కనబడింది. ఇద్దరం జంగ్లీఘాట్ వెళ్ళాం. ఇంజన్లు బాగుచేసే షెడ్డులో పాత సామాన్ల కుప్పలోంచి ఒక బ్యాటరీ మెయిన్ ఏరుకొచ్చాం. ఎర్రటి కీ ఉండి, పట్టుకుని తిప్పితే "టక్" మని గట్టిగా చప్పుడు చేసే రకం. ఎర్రయ్య బోటులో ఉండేది అచ్చం ఇలాంటిదేనని షెడ్డు మేస్త్రీ చెప్పాడు.

ఇక్కడ కొంచెం మా పని గురించి చెప్పాలి. ఈ బోర్డుల ఒక అంచున వరసగా పిన్నులుంటాయి. జీపీఐఓ పిన్నులంటారు. బయటి స్విచ్చుని ఒక తీగతో ఆ పిన్నుకి కలిపితే, స్విచ్ తిరిగిన సంగతి బోర్డుకి తెలుస్తుంది. తెలిశాక ఏం చెయ్యాలో నాలుగు లైన్ల ప్రోగ్రాము రాస్తే చాలు. నేను రాసింది ఇది: కీ తిరగగానే ఇంజను చప్పుడు తగ్గి ఆగాలి, టీవీ పడుకోవాలి, తర్వాత బోర్డు తనంతట తను పద్ధతిగా షట్‌డౌన్ అవ్వాలి. కత్తిరించిన ఒడ్డుని మళ్ళీ తెచ్చి వీడియోకి అతికించాను. కార్డు తాళం మాత్రం అలాగే ఉంచాను, ఎందుకైనా మంచిదని.

ఎర్ర కీని తలుపుకి కుడిపక్క, ఆయన చెయ్యి లేచే ఎత్తులోనే బిగించాను. ఇంటి మెయిన్ని నూకాలు పిలిపించిన ఎలక్ట్రీషియను వంటింటి వైపు మార్చాడు. ఇక్కడా మెయిన్ ఏంటి, అక్కడా మెయిన్ ఏంటి అని నసుగుతూనే మార్చాడు.

షిప్పు మర్నాడు. ఆ సాయంత్రం ఈశ్వర్రావు తండ్రి బట్టలు సర్దడానికి ఖాళీ పెట్టె పట్టుకుని వచ్చాడు. నన్ను చూసి మొహం ముడుచుకున్నాడు.

"మీరు మోస్తానన్నారు కదా, పెట్టె" అన్నాడు.

"మోస్తాను. ముందు బోటు ఒడ్డు చేరనీండి."

నూకాలు ఆ రోజు కావాలనే బజారుకి వెళ్ళిపోయింది. ఉంటే చూడలేనంది. ఈశ్వర్రావు కుర్చీ అంచున, నేను స్టూలు మీద, ఎర్రయ్య తన చోట. వీడియో మొదలైంది. మొదట్లో ఈశ్వర్రావు ఫోను చూసుకున్నాడు. ఇంజను చప్పుడు మారేసరికి ఫోను ఒళ్ళో పెట్టాడు. వల లేచేసరికి కుర్చీలో వెనక్కి జారగిలబడ్డాడు, ఇస్త్రీ సంగతి మర్చిపోయినట్టున్నాడు. నేను మాట్లాడకుండా అంతసేపున్నానని చెప్తే మా ఇంట్లో నమ్మరు.

జెట్టీ దగ్గరపడింది. ఇంజను తగ్గింది.

"వచ్చీసినాం" అన్నాడు ఎర్రయ్య. తర్వాత, తల తిప్పకుండానే, "ఈసూ, తాడందుకో!"

ఈశ్వర్రావు లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ ముందుకి చాచాడు. బోటు పని వదిలేసి ఎన్నేళ్ళయిందో, కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు కొంచెం వంచి, వచ్చే తాడుని అందుకోవడానికి నిలబడ్డట్టే నిలబడ్డాడు. ఏమీ రాదని తెలిసి చేతులు దించుకునేసరికి, నేను టీవీ వెనక వైరు సర్దుతున్నట్టు అటు తిరిగాను.

ఎర్రయ్య గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. చెయ్యెత్తాడు. ఒక్క క్షణం వేళ్ళు కీ మీద తడిమాయి. టక్. ఇంజను ఆగింది. తెర నల్లబడింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆయన వాటి వైపు చూడనైనా లేదు.

"దిగండి" అన్నాడు మా ఇద్దరితో.

నేను దిగాను. అంటే, స్టూలు మీద నుంచి లేచాను. ఈశ్వర్రావు పెరట్లోకి వెళ్ళి తండ్రి కాళ్ళ మీద నీళ్ళు పోశాడు. తువ్వాలు కోసం వెతికి, దొరక్క, తన జేబురుమాలు ఇచ్చాడు. ఎర్రయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ముక్కుకైనా సాలదురా" అన్నాడు.

నూకాలు వచ్చేసరికి మావ అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. బావగారు బల్ల మీద తెరిచిన ఖాళీ పెట్టెని మూస్తున్నాడు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. ముందు ఫ్రిజ్జు తలుపు తీసి ఐసు గట్టిగా ఉందో లేదో చూసింది, తర్వాత మావ పళ్ళెంలో కూర వడ్డించింది.

"షిప్పుకి నేను వెళ్ళట్లేదు" అన్నాడు ఈశ్వర్రావు, ఎవరికీ కాకుండా గోడకి చెప్పినట్టు. నన్ను మాత్రం అడిగాడు. "ఆదివారాలు బజారు పెద్దదంట కదా. ఆ రోజు నేను వచ్చి కూర్చుంటే ఈ డబ్బా వెయ్యక్కర్లేదా?"

"వెయ్యండి" అన్నాను. "బోటులో డ్రైవరొక్కడే ఉంటే ఎలా? తాడందుకునేవాడు కూడా ఉండాలి."

అతను నవ్వలేదు. అయితే ఖిలోనా అన్న మాట నేను మళ్ళీ అతని నోట వినలేదు.

ఇప్పుడు మా ఊరి పేరు కాగితాల మీద మారిపోయింది, మా నోటికింకా పోర్ట్ బ్లెయిరే. నా దగ్గరికొచ్చే బోర్డులూ మారాయి, కొత్త తరం వచ్చింది. మారనిది జనం అడిగే మాట. ఎంత త్వరగా లేస్తుంది, ఎన్ని సినిమాలు పడతాయి, ఒక్క బటన్‌తో మొదలవుతుందా. అన్నీ మొదలు గురించే. నేను కూడా అంతకు ముందు ఇరవయ్యేళ్ళు మొదలు గురించే పనిచేశాను. ఆపడం అంటే మాకు షట్‌డౌన్, కార్డు పాడవకుండా చూసుకోవడం. అది యంత్రం సంగతి అనుకున్నాం. ఎర్రయ్య ఇంట్లో నాకు తెలిసింది, ఆపడం మనిషి సంగతని. చేసిన పని ఒడ్డుకి చేరిందని మనిషి తన చేత్తో తనకి చెప్పుకోవాలి. అది చెప్పుకోనివ్వకపోతే ఎంత మంచి డబ్బా అయినా అతన్ని నీళ్ళలోనే ఉంచుతుంది. అందుకని ఇప్పుడు ఏ ఇంటికి డబ్బా కట్టినా, ఏం పెట్టాలని అడిగే ముందు, దీన్ని ఆపేదెవరు, ఏ చేత్తో, ఆపాక ఎక్కడికి వెళ్తారు అని అడుగుతాను. చాలామంది నన్ను తిక్కదాన్ని అనుకుంటారు. అనుకోనీండి.

మొన్న నూకాలు ఆ బోటు స్విచ్చుని గోడ నుంచి విప్పించి బుట్టలో వేసుకుని షాపుకొచ్చింది. ఎర్ర కీ వదులైపోయిందట, తిప్పితే ఇదివరకటి చప్పుడు రావట్లేదట.

"బోర్డు ఆగుతోందా?" అని అడిగాను.

"ఆగుతన్నాది. కానీ మావకి టక్ మని ఇనపడాల దీదీ. ఇనపడకపోతే దిగడు."

లోపల స్ప్రింగు మార్చి, చెవి దగ్గర పెట్టుకుని తిప్పి చూశాను. టక్. ఆమెకిచ్చాను. ఆమె కూడా తన చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి తిప్పి చూసుకుని, తలూపి, బుట్టలో వేసుకుని బజారుకి వెళ్ళిపోయింది.